పాఠకుల ప్రశ్నలు – క్రీడా శీర్షిక: పదకొండు మ్యాచ్‌లు, 2,628 గజాలు

గత కొన్ని నెలలుగా అమెరికాలోని పాఠకుల నుంచీ, పిల్లలను చూడడానికి అక్కడికి వెళ్లివచ్చిన పెద్దల నుంచీ అమెరికన్ ఫుట్‌బాల్ గురించి ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో ఎక్కువ ప్రశ్నలు బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ గురించే ఉన్నందువల్ల, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఒక్క స్థానానికే, అందులోనూ కళాశాల స్థాయిలో ఆ ఆటగాడి జీవితానికే కేటాయిస్తున్నాం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా ఇచ్చాం.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. అక్కడికి వెళ్లినప్పుడు టీవీలో ఈ ఆట చూశాను. ఒక ఆటగాడు బంతిని చంకలో ఇరికించుకుని మనుషుల గుంపులోకి దూరుతాడు, నలుగురైదుగురు అతని మీద పడతారు, మళ్లీ లేచి అదే పని చేస్తాడు. అసలు ఇతని బాధ్యత ఏమిటి? మన కబడ్డీలో కూతకు వెళ్లేవాడితో పోల్చవచ్చా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ

జవాబు: పోల్చవచ్చు, అయితే సగం వరకే. కూతకు వెళ్లిన ఆటగాడిలాగే రన్నింగ్ బ్యాక్ కూడా తనను పట్టి పడగొట్టడానికి కాచుకుని ఉన్న ప్రత్యర్థుల మధ్యకు తెలిసి తెలిసి వెళతాడు. క్షణంలో దిశ మార్చడం, పట్టు బిగియకముందే జారిపోవడం, పడిపోతూ కూడా మరో అడుగు ముందుకు వేయడం ఇద్దరికీ అవసరమైన విద్యలే. తేడా ఎక్కడంటే, కూతకు వెళ్లినవాడు ఒంటరి. రన్నింగ్ బ్యాక్‌తో పాటు సొంత జట్టువారు పదిమంది మైదానంలో ఉంటారు, అతని చేతికి బంతి అందిన ఆ కొద్ది క్షణాల్లో వారిలో చాలామంది పని అతనికి దారి చేయడమే.

మైదానం పొడవు 100 గజాలు. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో కనీసం 10 గజాలు ముందుకు వెళ్లాలి. వెళ్లగలిగితే మరో నాలుగు ప్రయత్నాలు వస్తాయి, లేకపోతే బంతి ఎదుటివారికి పోతుంది. మైదానం చివరనున్న ఎండ్‌జోన్‌లోకి బంతిని చేరిస్తే టచ్‌డౌన్, దానికి 6 పాయింట్లు. ప్రతి ప్రయత్నంలోనూ క్వార్టర్‌బ్యాక్ బంతిని ముందుకు విసరవచ్చు, లేదా తన వెనకో పక్కనో నిలబడిన రన్నింగ్ బ్యాక్ చేతికి అందించవచ్చు. అందించిన మరుక్షణం, ముందు వరసలో ఉన్న ఐదుగురు భారీకాయులు, అంటే అఫెన్సివ్ లైన్‌వాళ్లు, ఎదుటివారిని నెట్టి ఒక సందు తెరుస్తారు. ఆ సందు ఒక్క క్షణం మించి నిలవదు. దాన్ని చూడడం, నమ్మడం, అందులోకి దూకడం, మూసుకుపోతే పక్క సందు వెతుక్కోవడం, ఇదంతా ఒక్క ఊపిరిలో జరిగిపోవాలి. ఒక్కో పరుగుకు సగటున 5 గజాలు సాధించేవాడిని మంచి రన్నింగ్ బ్యాక్ అంటారు. ఈ అంకెను గుర్తుంచుకోండి, కింది జవాబుకు అవసరమవుతుంది.

టీవీలో మన కంటికి ఆనని పని మరొకటి ఉంది. క్వార్టర్‌బ్యాక్ బంతిని విసరదలచినప్పుడు, అతని మీదికి దూసుకువచ్చే ప్రత్యర్థికి అడ్డంగా నిలబడి దెబ్బ కాయవలసింది కూడా చాలాసార్లు ఈ ఆటగాడే. అందువల్ల చేతిలో బంతి ఉన్నా లేకపోయినా రన్నింగ్ బ్యాక్ ఒంటికి దెబ్బలు తగులుతూనే ఉంటాయి.

ప్రశ్న: నేను ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్ చదువుతున్నాను. మా స్టేడియం దగ్గర బ్యారీ సాండర్స్ విగ్రహం ఉంది. ఇక్కడివాళ్లు ఆయన పేరు చెప్పగానే 1988 అంటారు. అంతకుముందు రెండేళ్లు ఆయన ముఖ్య ఆటగాడే కాదని విన్నాను. ఒక్క ఏడాది ఆడినవారికి ఇంత గౌరవం ఎందుకు?
– ఒక విద్యార్థి, స్టిల్‌వాటర్, ఓక్లహోమా

జవాబు: మీరు విన్నది నిజమే. సాండర్స్ స్టిల్‌వాటర్‌లో ఆడింది మూడు సీజన్లు, అందులో ప్రధాన రన్నింగ్ బ్యాక్‌గా ఆడింది ఒక్కటే. నా ఉద్దేశంలో ఆ ఒక్కటి అర్థం కావాలంటే ముందున్న రెంటినీ చూడాలి.

ఆయన 1968 జూలైలో కాన్సస్ రాష్ట్రంలోని విచిటాలో, పదకొండుమంది పిల్లలున్న ఇంట్లో పుట్టారు. తండ్రి విలియం ఇళ్ల పైకప్పులు వేసే పని, వడ్రంగం చేసేవారు. విచిటా నార్త్ హైస్కూల్ జట్టులో చివరి సంవత్సరం కూడా సీజన్ కొంత గడిచాకే బ్యారీని ప్రధాన రన్నింగ్ బ్యాక్‌గా నిలిపారు. మిగిలిన కొద్ది మ్యాచ్‌లలోనే ఆయన అసాధారణంగా ఆడినా, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలే కావడంతో పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాలు పట్టించుకోలేదు. స్కాలర్‌షిప్ ఇస్తామన్న కొద్దిపాటి విద్యాసంస్థలలో ఓక్లహోమా స్టేట్ ఒకటి.

1986లో ఆయన అక్కడికి చేరేసరికి ఆ స్థానంలో థర్మన్ థామస్ ఉన్నారు. థామస్ అంతకుముందు ఏడాదే 1,500 గజాలకు పైగా పరుగెత్తిన మేటి. తర్వాతి కాలంలో బఫెలో బిల్స్ జట్టులో మహామహుడై 2007లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరినవారు. సాండర్స్ 2004లోనే చేరారు. అంటే ఆ స్థాయికి చేరవలసిన ఇద్దరు రన్నింగ్ బ్యాక్‌లు రెండేళ్లపాటు ఒకే కళాశాల జట్టులో ఉన్నారన్న మాట. ముందు వచ్చినవారు ఆడారు, వెనక వచ్చినవారు ఆగారు. మొదటి ఏడాది సాండర్స్‌కు దక్కినవి 325 గజాలు, రెండో ఏడాది 603. అదే 1987లో థామస్ 1,613 గజాలు పరుగెత్తారు.

అయితే ఆగడమంటే బెంచీ మీద చేతులు కట్టుకు కూర్చోవడం కాదు. ప్రత్యర్థి తన్నిన బంతిని అందుకుని మైదానం పొడవునా పరుగెత్తుకురావడాన్ని కిక్ రిటర్న్ అంటారు. ఆ పనిలో ఆయన 1987లో దేశం మొత్తం మీద అత్యుత్తమ సగటు సాధించారు. పదకొండుమంది ఎదురుగా విచ్చలవిడిగా పరుగెత్తి వస్తుండగా ఖాళీ ఎక్కడుందో పసిగట్టడం ఆ పనిలో నిత్యం జరిగే అభ్యాసం. తర్వాత ఆయన పరుగులో జనం చూసి నివ్వెరపోయిన గుణం, సందు మూసుకుపోయాక కూడా వెనక్కి తిరిగి, అడ్డంగా జరిగి, మరో దారి పుట్టించుకోవడం, చాలావరకు అక్కడ పదునెక్కిందని నేను నమ్ముతాను.

1988లో థామస్ వృత్తి ఆటకు వెళ్లిపోయారు. మయామీ ఆఫ్ ఒహాయో జట్టుతో మొదటి మ్యాచ్‌లో, సీజన్ తొలి బంతినే సాండర్స్ 100 గజాలు తిరిగి తెచ్చి టచ్‌డౌన్ చేశారు. ఆ రోజు మామూలు పరుగులో 178 గజాలు. తర్వాతి వారాల అంకెలు వరసగా చూడండి. టెక్సస్ ఎ అండ్ ఎంపై 157, తల్సాపై 304, కొలరాడోపై 174, నెబ్రాస్కాపై 189, మిజోరిపై 154, కాన్సస్ స్టేట్‌పై 320, ఓక్లహోమాపై 215, కాన్సస్‌పై 312, అయోవా స్టేట్‌పై 293, టెక్సస్ టెక్‌పై 332. పదకొండింటిలో ఏ ఒక్కదానిలోనూ 150కి తగ్గలేదు, నాలుగింటిలో 300 దాటింది. చివరి ఐదు మ్యాచ్‌లు కూడితేనే 1,472 గజాలు. చాలామంది రన్నింగ్ బ్యాక్‌లకు ఒక పూర్తి సీజన్‌లో అంత దొరికితే పండగే. మొత్తం 344 పరుగుల్లో 2,628 గజాలు, పరుగుకు సగటున 7.6 గజాలు, 37 టచ్‌డౌన్‌లు. మన కొలతలో చెప్పాలంటే, ప్రతి అడుగుకూ ఎవరో ఒకరు పడగొట్టడానికి వస్తుండగా ఆయన దాదాపు 2,400 మీటర్లు పరుగెత్తారు.

ఆ జట్టు ఆయన ఒక్కడితోనే నడిచిందనుకోవడం తప్పు. ముందు వరస ఆటగాళ్లు తమకు తాము ‘వార్ పిగ్స్’ అని పేరు పెట్టుకున్న మొండివాళ్లు. గారెట్ లింబ్రిక్ అనే ఫుల్‌బ్యాక్ ఆయనకు ముందు పరుగెడుతూ అడ్డొచ్చినవారిని తోసేవాడు. క్వార్టర్‌బ్యాక్ మైక్ గండీ. ఈయనే 2005 నుంచి దాదాపు ఇరవై ఏళ్లు మీ విశ్వవిద్యాలయానికి ముఖ్య శిక్షకుడిగా ఉన్నారు. హార్ట్ లీ డైక్స్ అనే రిసీవర్ అంత మెరుగ్గా బంతిని అందుకుంటూ ఉండడంతో ప్రత్యర్థులు అందరినీ సాండర్స్ మీదికే ఉసిగొల్పలేకపోయారు. ఇంత ఉన్నా ఆ జట్టు నెబ్రాస్కా చేతిలో 63–42తో, పొరుగునే ఉన్న ఓక్లహోమా చేతిలో 31–28తో ఓడింది. రెండో ఓటమిలో చివరి క్షణాల్లో ఎండ్‌జోన్‌లో ఉన్న ఆటగాడి చేతుల్లోంచి బంతి జారిపోయింది. మిగిలిన మ్యాచ్‌లన్నీ గెలిచారు.

చివరి లీగ్ మ్యాచ్ జపాన్‌లో, టోక్యో డోమ్‌లో జరిగింది. ఒక సీజన్‌లో అత్యధిక పరుగు గజాల రికార్డు అప్పటికి 1981 నాటి మార్కస్ అలెన్‌ది, 2,342. టోక్యోలో దిగేసరికి సాండర్స్ ఖాతాలో 2,296 ఉన్నాయి. అంటే ఆ రికార్డు దాటడానికి 47 గజాలు చాలు, ఆయన 332 పరుగెత్తారు. జట్టు 45–42తో గెలిచింది. కళాశాల ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైన హైస్‌మన్ పురస్కారాన్ని ఆ సమయంలోనే న్యూయార్క్‌లో ప్రకటించారు. సాండర్స్‌కు 1,878 పాయింట్లు, రెండో స్థానంలో ఉన్న రాడ్నీ పీట్‌కు 912. విజేత వేదిక మీద లేరు, భూగోళానికి అవతల టీవీ కెమెరా ముందు కూర్చుని ఉన్నారు, దాని మీద ఆయనకు పెద్ద మోజు కూడా ఉన్నట్లు కనిపించలేదు.

ఇదీ మీ ప్రశ్నకు జవాబు. మీరు చూసే విగ్రహాన్ని 2021 నవంబరులో ఆవిష్కరించారు. ఒక్క ఏడాదికి ఇంత గౌరవమేమిటని మీరు అడిగారు. ఆ ఒక్క ఏడాదికి సాటి వచ్చే ఏడాది అమెరికన్ కళాశాల ఫుట్‌బాల్‌లో అంతకుముందూ లేదు, ఆ తర్వాతా రాలేదు. ఈ మాట అతిశయోక్తి కాదని కింది జవాబు చూస్తే తెలుస్తుంది.

ప్రశ్న: 2024లో బోయిసీ స్టేట్ ఆటగాడు ఆష్టన్ జెంటీ ఈ రికార్డును కొద్దిలో తప్పిపోయాడని చదివాను. ఇప్పుడు మ్యాచ్‌లు ఎక్కువ కదా, మరి రికార్డు ఎందుకు చెక్కుచెదరలేదు? పాత లెక్కలో తేడా ఉందని కూడా అంటున్నారు.
– పాఠకుడు, విజయవాడ

జవాబు: జెంటీ 14 మ్యాచ్‌లలో 2,601 గజాలు సాధించాడు. సమానం కావడానికి 27, దాటడానికి 28 గజాలు తక్కువయ్యాయి. చివరి మ్యాచ్ పెన్ స్టేట్‌పై ఫియెస్టా బౌల్. అందులో ప్రత్యర్థులు అతని కోసమే వల పన్ని, 30 పరుగుల్లో 104 గజాలకే కట్టడి చేశారు. 2014లో విస్కాన్సిన్ ఆటగాడు మెల్విన్ గోర్డన్ కూడా 14 మ్యాచ్‌లు ఆడి 2,587 దగ్గర ఆగాడు. సాండర్స్ సంఖ్య 11 మ్యాచ్‌లది. మ్యాచ్‌కు దాదాపు 239 గజాలు. జెంటీది దాదాపు 186. ఈ రెండు సగటుల మధ్య దూరమే రికార్డుకు అసలైన కాపలా.

లెక్కలో తేడా ఉందన్న మాట కూడా నిజమే, అయితే ఆ తేడా సాండర్స్‌కు నష్టం చేసినదే. సీజన్ ముగిశాక జరిగే బౌల్ మ్యాచ్‌ల అంకెలను 2002కు ముందు అధికారిక లెక్కలో చేర్చేవారు కాదు. 1988 డిసెంబరు 30న శాన్ డియేగోలో జరిగిన హాలిడే బౌల్‌లో ఓక్లహోమా స్టేట్ 62–14తో వయోమింగ్‌ను ఓడించింది, సాండర్స్ 222 గజాలు పరుగెత్తి 5 టచ్‌డౌన్‌లు చేశారు. ఇప్పటి పద్ధతి ప్రకారం కలిపితే 12 మ్యాచ్‌లలో 2,850 గజాలు, 42 టచ్‌డౌన్‌లు. నేడు ఎవరైనా 2,628 దాటితే పుస్తకాల్లో అతని పేరే రాస్తారు, అది నియమం. న్యాయంగా పోల్చదలచినవారు మాత్రం 2,850నే కొలతగా తీసుకోవాలి. జెంటీని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. అతని గురించి చివరి జవాబులో మరికొంత చెబుతాను.

అన్ని రికార్డులూ నిలవలేదు. పరుగు, క్యాచ్‌లు, రిటర్న్‌లు అన్నీ కలిపి సాండర్స్ సాధించిన 3,250 గజాలను 2015లో స్టాన్‌ఫర్డ్ ఆటగాడు క్రిస్టియన్ మెకాఫ్రీ 3,864తో దాటేశాడు.

ప్రశ్న: ఇంత బాగా ఆడుతున్న సాండర్స్ ఓక్లహోమా స్టేట్‌లో నాలుగో ఏడాది ఉండకుండా ఎందుకు వెళ్లిపోయారు? ఆ తర్వాత ఏమయ్యారు?
– పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆటగాళ్ల చేరికలో జరిగిన అక్రమాల కారణంగా 1989 జనవరిలో ఆ విశ్వవిద్యాలయ జట్టుపై, కళాశాల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ కఠినమైన శిక్షలు విధించింది. ఆ జట్టుకు బౌల్ మ్యాచ్‌లు, టీవీ ప్రసారాలు దూరమయ్యాయి. ఇంట్లో డబ్బు అవసరం ఉండనే ఉంది, కొడుకు వృత్తి ఆటకు వెళ్లాలని తండ్రి కోరుకున్నారు. మూడో ఏడాది విద్యార్థులను వృత్తి ఆటగాళ్ల లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ అప్పట్లో సాధారణంగా తీసుకునేది కాదు, సాండర్స్‌కు ప్రత్యేక అనుమతి దొరికింది. కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1989లో డెట్రాయిట్ లయన్స్ ఆయనను మూడో స్థానంలో ఎంచుకుంది. హైస్‌మన్ ఓట్లలో రెండో స్థానంలో నిలిచిన రాడ్నీ పీట్‌ను కూడా అదే ఏడాది అదే జట్టు తీసుకుంది. ఇప్పుడు హైస్కూల్ ముగిసి మూడేళ్లు నిండినవారు ఎవరైనా డ్రాఫ్ట్‌కు రావచ్చు.

డెట్రాయిట్‌లో పది సీజన్లు ఆడి, ఏ ఒక్క సీజన్‌లోనూ వెయ్యి గజాలకు తగ్గలేదు. మొదటి ఏడాది చివరి మ్యాచ్‌లో మరో 10 గజాలు పరుగెత్తితే లీగ్ అగ్రస్థానంలో ఉన్న క్రిస్టియన్ ఒకోయేతో సమానమయ్యేవారు. మ్యాచ్ ఎలాగూ గెలుస్తున్నాం కదా అని ఆయన తిరిగి మైదానంలోకి దిగలేదు. 1999 వేసవిలో, 15,269 గజాల వద్ద, వృత్తి ఆటలో మొత్తం పరుగు గజాలకు వాల్టర్ పేటన్ పేరిట ఉన్న రికార్డుకు 1,457 గజాల దూరంలో ఉండగా, సొంత ఊరి పత్రికకు ఫ్యాక్స్‌లో ఒక ప్రకటన పంపి ఆట మానేశారు. వయసు అప్పటికి 31. కాళ్లలో శక్తి ఉండగానే, తన ఇష్టంతో ఆట వదిలిన రన్నింగ్ బ్యాక్‌లు బహు అరుదు. ఆ నిర్ణయం చాలామంది అభిమానులను బాధించింది, నన్ను మాత్రం ఆయనపై గౌరవం పెరిగేలా చేసింది.

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయి పదకొండో తరగతి, స్కూలు జట్టులో రెండో రన్నింగ్ బ్యాక్. అవకాశం రావడం లేదని వేరే స్కూలుకు మారతానంటున్నాడు. కాలేజీలో ఆడాలన్నది వాడి కల. మావారు ‘దెబ్బలు తగిలే ఆట మనకెందుకు, చదువుకోమను’ అంటున్నారు. మధ్యలో నేను నలిగిపోతున్నాను. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఫ్రిస్కో

జవాబు: అమ్మా, ముందుగా మీ ఊరి విషయమే చెబుతాను. పైన చెప్పిన ఆష్టన్ జెంటీ చదివింది ఫ్రిస్కోలోని లోన్ స్టార్ హైస్కూల్‌లోనే. తండ్రి నౌకాదళ ఉద్యోగం కారణంగా ఇటలీలోని నేపుల్స్‌లో కొంతకాలం పెరిగి, తర్వాత మీ ఊరికి వచ్చాడు. బోయిసీ స్టేట్‌లో అతని మూడేళ్ల అంకెలు 821, 1,347, 2,601. రెండో ఏడాది తర్వాత, అక్కడ దొరికేదానికన్నా చాలా ఎక్కువ డబ్బు ఇస్తామని ఇతర విశ్వవిద్యాలయాలు పిలిచినా వెళ్లలేదు. 2025 డ్రాఫ్ట్‌లో లాస్ వేగస్ రైడర్స్ అతన్ని ఆరో స్థానంలో ఎంచుకుంది.

కాలం మారిందన్నది మీ అబ్బాయి వైపు నుంచి చూడవలసిన సంగతి. 2021 జూలై నుంచి కళాశాల ఆటగాళ్లు తమ పేరు, రూపం మీద ఆదాయం పొందవచ్చు. 2025 జూలై నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా చెల్లించడం మొదలైంది. ఒక విశ్వవిద్యాలయం నుంచి మరోదానికి మారడం కూడా తేలికైంది. నేటి పరిస్థితుల్లో, థర్మన్ థామస్ వెనక రెండేళ్లు ఆగిన సాండర్స్ బహుశా మొదటి ఏడాది ముగియగానే మరో జట్టులో ఉండేవారు. ఆటగాడికి ఈ స్వేచ్ఛ రావడం మంచిదే, ఇంతకాలం వారి శ్రమతో ఇతరులు సంపాదించారు. కానీ రెండో స్థానంలో ఉండడం వ్యర్థమన్న భావన దానితో పాటు పిల్లల్లో పాకడం నాకు ఆందోళన కలిగిస్తోంది. ఈ స్థానంలో ప్రతి పరుగుకూ ఒళ్లు ఖర్చవుతుంది. పదహారేళ్ల వయసులో వారానికి ముప్పైసార్లు దెబ్బ తినకపోవడం నష్టమే కాదు. ఆ కాలంలో కిక్ రిటర్న్‌లు, పాస్ అందుకోవడం, క్వార్టర్‌బ్యాక్‌కు అడ్డు నిలబడడం నేర్చుకోవచ్చు. కళాశాల శిక్షకులు రన్నింగ్ బ్యాక్‌లో వెతికే గుణాలు ఇవి కూడా.

స్కూలు మారే విషయంలో తొందరపడకండి. టెక్సస్‌లో పాఠశాల క్రీడలను నడిపే యూఐఎల్ నియమాల ప్రకారం, కేవలం ఆట కోసమే స్కూలు మారినట్లు తేలితే కనీసం ఒక ఏడాది వార్సిటీలో, అంటే స్కూలు ప్రధాన జట్టులో, ఆడనివ్వరు. మీవాడికి మిగిలింది పన్నెండో తరగతి ఒక్కటే. కోల్పోయేది కూడా అదే అవుతుంది.

ఇక మీవారి భయం. దాన్ని కొట్టిపారేయను. సౌత్ కరోలైనా విశ్వవిద్యాలయంలో మార్కస్ లాటిమోర్ అనే ఆటగాడు 2010లో మొదటి ఏడాదే 1,197 గజాలు, 17 టచ్‌డౌన్‌లు సాధించాడు. 2011 అక్టోబరులో ఒక మోకాలు దెబ్బతింది. కోలుకుని తిరిగి వచ్చాక 2012 అక్టోబరు 27న టెన్నెసీతో మ్యాచ్‌లో రెండో మోకాలు కీలు తప్పి, లిగమెంట్లు తెగిపోయాయి. ఆ రోజు రెండు జట్ల ఆటగాళ్లూ మైదానంలోకి వచ్చి అతని చుట్టూ నిలబడ్డారు. శాన్ ఫ్రాన్సిస్కో జట్టు 2013లో అతన్ని తీసుకుంది, కానీ ఒక్క వృత్తి మ్యాచ్ కూడా ఆడకుండానే 2014 నవంబరులో ఆట వదులుకున్నాడు. అప్పటికి వయసు 23. అతని పరుగులో లోపం లేదు, శ్రద్ధలో లోపం లేదు. ఈ స్థానంలో అలా జరగవచ్చు, అంతే. మోకాలి కన్నా తీవ్రమైనది తలకు తగిలే దెబ్బ. పదే పదే తగిలే దెబ్బల వల్ల వచ్చే సీటీఈ అనే మెదడు వ్యాధిని మరణానంతరం మాత్రమే కచ్చితంగా నిర్ధారించగలుగుతున్నారు.

అవకాశం ఎంత అని చూస్తే, హైస్కూల్‌లో ఫుట్‌బాల్ ఆడే పదిమందిలో ఒకరు కూడా ఎన్‌సీఏఏ కళాశాల జట్ల దాకా చేరరు. అక్కడి నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లేవారు వందకు ఇద్దరు కూడా ఉండరు. అందువల్ల చదువా, ఆటా అని ఇంట్లో తగవు పెట్టుకోవలసిన అవసరం లేదు, చదువు లేకుండా ఈ దారిలో మొదటి మెట్టు కూడా దొరకదు. కళాశాల ఆటలో పై అంచె అయిన డివిజన్ వన్‌లో ఆడాలంటే హైస్కూల్‌లో 16 ముఖ్య కోర్సులు పూర్తిచేసి, వాటిలో కనీసం 2.3 జీపీఏ తెచ్చుకోవాలి. ఇది కింది హద్దు మాత్రమే. ఐవీ లీగ్ విశ్వవిద్యాలయాలు, డివిజన్ త్రీ కళాశాలలు క్రీడా స్కాలర్‌షిప్‌లు ఇవ్వవు, కానీ అక్కడ ఫుట్‌బాల్ జట్లున్నాయి, మంచి మార్కులతో పాటు ఆట తెలిసిన విద్యార్థిని అక్కడి శిక్షకులు ఇష్టంగా చూస్తారు. మన తెలుగు కుటుంబాలు ఈ దారిని తగినంతగా పరిశీలించడం లేదని నా అభిప్రాయం. మీ అబ్బాయి కల కళాశాలలో ఆడడమే అయితే, అది పెద్ద స్టేడియంలోనే తీరాలన్న నియమం లేదు.

మీరు చేయగలిగిన పని ఒకటుంది. ముగ్గురూ కలిసి శిక్షకుడి దగ్గరికి వెళ్లి, వచ్చే ఏడాది మీవాడిని ఏ పనులకు వాడుకోవాలనుకుంటున్నారో సూటిగా అడగండి. జవాబు నచ్చకపోయినా విషయం తేలుతుంది. తర్వాత స్కూలు అథ్లెటిక్ ట్రైనర్‌తో విడిగా మాట్లాడి, తలకు దెబ్బ తగిలితే అక్కడ ఏం చేస్తారో తెలుసుకోండి. టెక్సస్‌లో 2011 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, కంకషన్, అంటే తలకు దెబ్బతో మెదడు అదిరిందన్న అనుమానం వస్తే ఆ విద్యార్థిని వెంటనే ఆట నుంచి తప్పించాలి. వైద్యుడు పరీక్షించి రాతపూర్వకంగా అనుమతించేదాకా తిరిగి ఆడనివ్వకూడదు. ఆ వైద్యుణ్ణి ఎంచుకునే హక్కు విద్యార్థిది లేదా తల్లిదండ్రులది. వైద్యుడి అనుమతి వచ్చాక కూడా, తిరిగి ఆడడానికి అంగీకరిస్తూ తల్లో తండ్రో సంతకం చేస్తే తప్ప వాడు మైదానంలోకి దిగడానికి వీల్లేదు.